పాత ట్రక్కులో కొత్త స్టీరియో: ఆ గోల ఎక్కడిది?

అమెరికాలో పాత పికప్ ట్రక్కులు కొని బాగుచేసుకునేవాళ్లు సాధారణంగా స్టీరియోను చివర్లో బిగిస్తారు. ఇంజను విప్పి కూర్చడం అయింది, రంగు ఆరింది, సీటుకు కొత్త కవరు పడింది, ఇక పాట ఒక్కటే తక్కువ. బండి 1967-72 మధ్య షెవర్లే సీ-10 కావచ్చు, 1953లో మొదలైన ఫోర్డ్ ఎఫ్-100 కావచ్చు. డాష్‌బోర్డు చెక్కు చెదరకుండా పాత మొహంతోనే కనిపించే కొత్త సెట్టు తెస్తారు, సీటు వెనక ఆంప్లిఫయర్ పెడతారు. ఇంజను ఆపి ఉన్నంతసేపూ పాట శుభ్రంగా వస్తుంది. స్టార్ట్ చేయగానే పాట వెనక సన్నని ఈల మొదలవుతుంది, దాని పక్కనే టకటక. యాక్సిలరేటర్ తొక్కితే ఈల కూడా పైకి పోతుంది. అందరూ ముందు తిట్టేది స్టీరియోనే. దాన్ని మార్చి ఇంకోటి పెడతారు, ఈల మాత్రం పోదు.

ఈ గోలకు మందు ఏమిటన్న దాంట్లో ఏకాభిప్రాయం లేదు. ఆడియో షాపులవాళ్లు ఫిల్టర్ పెట్టమంటారు. వైరింగ్ చేసేవాళ్లు తీగలు వేరే దారిన లాగమంటారు. పాత సర్వీస్ మాన్యువళ్లు కండెన్సర్ చూడమంటాయి. అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు ఎర్త్ సరిచేయమంటారు. వీళ్లెవరూ తప్పు చెప్పడం లేదు. కానీ ఒక్కొక్కరూ ఒక్కో రోగానికి మందు చెబుతున్నారు. బాగుచేసిన పాత ట్రక్కులో మూడు కాలాల కరెంటు ఒకే ఇనుప డొక్కులో నడుస్తుంటుంది: పాతకాలపు నిప్పురవ్వ ఇగ్నిషన్, 1960ల ఆల్టర్నేటర్, నిన్నమొన్నటి ఎల్‌ఈడీలు, ఫోన్ చార్జర్లు. ఒక్కోదాని గోల ఒక్కోలా వినిపిస్తుంది, ఒక్కో దారిన స్పీకరు దాకా వస్తుంది. ఏ గోల ఏదో విడదీయకుండా డబ్బు ఖర్చు పెడితే అది జూదమే.

కారులో రేడియో పెట్టిన తొలిరోజుల నుంచీ ఇది ఉన్న బాధే. షికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను బజారులోకి తెచ్చినప్పుడు, ప్లగ్గుల రవ్వల చప్పుడు స్పీకర్లోకి రాకుండా చూడడమే పెద్ద పరీక్ష. శాస్త్రవేత్త హెర్జ్ తన ప్రయోగశాలలో మొట్టమొదటి రేడియో తరంగాలను పుట్టించింది కూడా నిప్పురవ్వతోనే. ఆ లెక్కన పెట్రోలు ఇంజను ప్రతిదీ, ఎవరూ అడగని చిన్న రేడియో స్టేషనే. దాని ప్రసారం ఒక్క ఫ్రీక్వెన్సీకి కట్టుబడదు, బ్యాండ్ నిండా చిమ్ముతుంది. ఏఎమ్ రేడియో తరంగం ఎత్తుపల్లాల్లోనే పాటను వెతుకుతుంది కాబట్టి ఈ రవ్వల ఎత్తుపల్లాలను కూడా పాటే అనుకుంటుంది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్ పొందిన ఎఫ్ఎమ్ ఎత్తును పట్టించుకోదు, అందుకే అక్కడ ఈ బాధ చాలా తక్కువ.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం దీన్ని ఎంత తీవ్రంగా తీసుకుందంటే, ఇగ్నిషన్ గోలను అణిచిన జీపుల బానెట్ మీద నంబరు చివర 'ఎస్' అనే అక్షరం వేసేవారు. రేడియో పెట్టిన బండి దగ్గర ఏ జీపును నిలపవచ్చో దాన్నిబట్టి తెలిసేది.

తర్వాతి కాలపు సివిల్ ట్రక్కుల్లోనూ తయారీదారులు ఇలాంటి ఏర్పాట్లు చేశారు. ప్లగ్గులకు కార్బన్ నిండిన నిరోధక తీగలు, కాయిల్ దగ్గర కండెన్సర్, డైనమోకు మరో కండెన్సర్, ఇంజను నుంచి క్యాబ్ ముందు గోడ అయిన ఫైర్‌వాల్‌కు అల్లిక పట్టీ. కొన్ని బండ్లలో బానెట్‌ను బాడీకి తాకించే స్ప్రింగు క్లిప్పు, ముందు చక్రాల గ్రీజు మూతల్లో స్టాటిక్‌ను దించే చిన్న స్ప్రింగు కూడా ఉండేవి. బండి విప్పినప్పుడు ముందుగా చెత్తలోకి పోయేవి సరిగ్గా ఇవే. తుప్పు పట్టిన పట్టీ, మసి పట్టిన కండెన్సర్ చూస్తే వాటికో పని ఉందని ఎవరికి తోస్తుంది? కొత్త కేటలాగులో కనిపించవు, బండి అవి లేకుండానే నడుస్తుంది. రేడియో పెట్టేదాకా వాటి లోటు తెలియదు.

కాబట్టి పనిముట్ల పెట్టె తెరిచే ముందు చేయాల్సింది వినడం. బండిని ఆరుబయట న్యూట్రల్‌లో నిలిపి ఇంజను రేస్ చేసి, తాళం కట్టేయాలి. స్టీరియోకు కరెంటు మాత్రం పోకూడదు. తాళం తిప్పిన క్షణంలోనే టకటక ఆగిపోతే అది ఇగ్నిషన్. ఇంజను తిరుగుడు తగ్గేకొద్దీ ఈల కూడా కిందికి జారుతూ ఆరిపోతే అది చార్జింగ్ వైపు నుంచి వస్తోంది. పాత మాన్యువళ్లలోని ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అనుమానం తీరకపోతే బెల్టు తీసేసి ఒక్క నిమిషం ఇంజను నడిపితే చాలు. ఆల్టర్నేటర్ తిరగదు, ఈల పోతే దొంగ దొరికినట్టే. వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటే ఆ నిమిషం దాటనివ్వకూడదు.

తర్వాత దారి తెలుసుకోవాలి. ఏంటెన్నా తీగ ఊడదీస్తే గోల పోయిందా, అది గాలిలో వస్తోంది. ఏంటెన్నాతో సంబంధం లేకుండా ఫోన్ పాటలోనూ ఉందా, తీగల్లో వస్తోంది. వేరే 12 వోల్టుల బ్యాటరీని సీటు మీద పెట్టి స్టీరియో ప్లస్సూ మైనస్సూ రెండూ దానికే కలిపితే గోల మాయమైందా, అది బండి కరెంటుతోనో ఎర్త్‌తోనో వస్తున్నట్టు. ఆంప్లిఫయర్ దగ్గర, స్టీరియో నుంచి పాటను మోసుకొచ్చే ఆర్‌సీఏ తీగల పిన్నులు పీకి, వాటి స్థానంలో లోపలి కొసను బయటి కొసతో కలిపేసిన ఉత్త పిన్నులు గుచ్చి చూడాలి. అప్పటికీ ఈల ఉంటే ఆంప్ వైపే తప్పు, పోతే అంతకుముందు దశలో ఉంది.

చెవికి మరో ఆధారం లెక్క. వీ-8 ఇంజను ఒక్కో చుట్టుకు నాలుగు రవ్వలు కొడుతుంది. ఐడిలింగ్‌లో నిమిషానికి 600 చుట్లు అంటే సెకనుకు 40 రవ్వలు. అది ఇంకా టకటకలాగే వినిపిస్తుంది. 3000కు తీసుకుపోతే సెకనుకు 200, గుర్రుమనే బరువైన మోత. ఆల్టర్నేటర్ సంగతి వేరు. 12 ధ్రువాలున్న ఆల్టర్నేటర్ ఇంజను కన్నా మూడు రెట్లు వేగంగా తిరిగితే, 600 చుట్ల ఐడిలింగ్‌లోనే మూడు ఫేజుల కరెంటును ఆరు డయోడ్లు సరిచేశాక మిగిలే అల సెకనుకు 1080 సార్లు వస్తుంది. 3000 చుట్లకు అది 5400. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది రెండు వేల నుంచి ఐదు వేల హెర్జ్ మధ్యనే. అందుకే కొన్ని మిల్లీవోల్టుల అల కూడా తలనొప్పి తెప్పిస్తుంది.

రవ్వల గోల అని తేలితే పని సులువే. రేసింగ్ మోజుతో వేసిన గట్టి రాగి ప్లగ్గు తీగలు ఉంటే తీసేయాలి. నిరోధకం ఉన్న తీగలు కావాలి. 60ల నాటి జీఎమ్ తీగల మీద టీవీఆర్‌ఎస్ అని అచ్చు ఉండేది, టీవీకీ రేడియోకీ అడ్డు రానివని చెప్పడానికి. ఈ రోజుల్లో ఫెర్రైట్ చుట్టూ సన్నని తీగ చుట్టిన స్పైరల్ రకం దొరుకుతుంది, అదే మేలు. ప్లగ్గులు కూడా లోపల సుమారు 5 కిలో ఓమ్‌ల నిరోధకం ఉన్నవే తీసుకోవాలి. వాటి నంబరులో సాధారణంగా 'ఆర్' అనే అక్షరం కనిపిస్తుంది. కాయిల్‌కు తాళం వైపు నుంచి కరెంటు వచ్చే టెర్మినల్ దగ్గర రేడియో కండెన్సర్ బిగించాలి, రవ్వ కోసం కరెంటును తెంచే పాయింట్లకు పోయే రెండో వైపు కాదు. అక్కడ ఇంకో కండెన్సర్ తగిలిస్తే రవ్వే బలహీనమవుతుంది. బానెట్ తీసేసి ఫైబర్‌గ్లాస్‌ది పెట్టినవాళ్లకు ఒక సంగతి తెలియాలి: ఇనుప బానెట్ ఇన్నాళ్లూ కవచంగా పనిచేసింది. ఫైబర్‌గ్లాస్ బాడీతో వచ్చిన కార్వెట్‌లో రేడియో కోసం డిస్ట్రిబ్యూటర్ మీద లోహపు మూత పెట్టింది అందుకే.

చార్జింగ్ వైపు చూస్తే, డైనమో ఉన్న బండికీ ఆల్టర్నేటర్ ఉన్న బండికీ పోలిక లేదు. క్రైస్లర్ 1960లో వాలియంట్‌లో ఆల్టర్నేటర్ పెట్టాక మిగతావాళ్లూ కొద్ది ఏళ్లలోనే దారి మార్చారు. 50ల ట్రక్కులన్నీ డైనమోవే. బ్రష్షులు అరిగి కమ్యుటేటర్ నల్లబడితే చిటపటల జల్లు వస్తుంది. శుభ్రం చేసి బ్రష్షులు మార్చి, ఆర్మేచర్ టెర్మినల్‌కు అర మైక్రోఫారడ్ కండెన్సర్ పెడితే చాలావరకు పోతుంది. ఫీల్డ్ టెర్మినల్‌కు మాత్రం కండెన్సర్ ఎన్నడూ తగిలించకూడదు, రెగ్యులేటర్ పాయింట్లు కాలిపోతాయి. ఇక ఆ రెగ్యులేటర్ పాయింట్లే కొట్టుకుంటుంటే వచ్చేది లయ లేని చిటపట.

ఆల్టర్నేటర్ ఉన్నచోట మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూడాలి. 0.1 వోల్టు లోపల ఉంటే డయోడ్లు క్షేమం. అర వోల్టు దాటితే ఒక డయోడ్ పోయిందనే అనుకోవాలి. అప్పుడు ఫిల్టర్ కొనడం దండగ, ఆల్టర్నేటరే విప్పాలి. చవక మీటర్లు డీసీ ఉన్నచోట ఏసీ తప్పుగా చూపిస్తాయి. మధ్యలో ఒక కండెన్సర్ వరసగా పెట్టి కొలిస్తే నిజం తెలుస్తుంది.

ఎక్కువ బండ్లలో మాత్రం డయోడ్లు బాగానే ఉంటాయి, ఈల వస్తూనే ఉంటుంది. ఇక్కడే ఎర్త్ సంగతి వస్తుంది. ఈ మొత్తం చర్చలో అందరూ తక్కువ శ్రద్ధ పెట్టేది దీని మీదే, ఎక్కువ గోల పుట్టేదీ దీని వల్లే.

పాత పికప్‌లో ఇంజను రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది. క్యాబ్ కూడా ఫ్రేమ్ మీద రబ్బరు మీదే. బ్యాటరీ మైనస్ తీగ ఇంజను బ్లాకుకు పోతుంది. క్యాబ్‌లోని లైట్లు, మీటర్లు, స్టీరియో వాడుకున్న కరెంటు తిరిగి బ్యాటరీకి పోవాలంటే ఇంజనుకూ ఫైర్‌వాల్‌కూ మధ్య ఉన్న ఆ ఒక్క అల్లిక పట్టీయే దిక్కు. రిస్టోరేషన్‌లో ఆ పట్టీ పోతుంది. ఫ్రేముకు పౌడర్ కోటింగ్ వస్తుంది. క్యాబ్‌కు మూడు పొరల రంగు. బోల్టులన్నీ మెరుస్తుంటాయి, ఒక్కటీ ఇనుముకు తాకదు. తుప్పు బండిగా ఉన్నప్పుడే దాని ఎర్త్ బాగుందనిపిస్తుంది.

ఇప్పుడు ఆంప్లిఫయర్‌ను చూద్దాం. స్టీరియో ఎర్త్ డాష్‌బోర్డు ఇనుముకు కట్టారు, ఆంప్ ఎర్త్ సీటు వెనక నేల రేకుకు కట్టారు. రెండిటి మధ్య రేకులో ఆల్టర్నేటర్, హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యానుల కరెంటు పారుతుంటుంది కాబట్టి రెండు చోట్ల వోల్టేజి ఒకటి కాదు, కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. ఆర్‌సీఏ తీగ పై అల్లిక ఈ రెండు చోట్లనూ కలుపుతుంది. ఆ తేడాకు తగ్గ కరెంటు అల్లికలోంచి పారుతుంది, ఆ అల్లిక మీద పడే వోల్టేజిని ఆంప్ పాటలో భాగమే అనుకుని పెంచి వినిపిస్తుంది. ఆల్టర్నేటర్ తప్పేమీ లేదు. దాని అల ఎప్పుడూ ఉన్నదే, ఆంప్ దాకా రావడానికి మనమే దారి వేశాం.

దీన్ని ఓమ్ మీటర్‌తో పట్టుకోవాలని చూసేవాళ్లే ఎక్కువ, అది దొరకదు. మీటరు 0.05 ఓమ్‌నూ సున్నానూ వేరుగా చూపించలేదు. ఆంప్ 20 ఆంపియర్లు లాగుతున్నప్పుడు ఆ 0.05 ఓమ్ మీద ఒక వోల్టు పడిపోతుంది. కరెంటు పారుతుండగానే కొలవాలి. ఇంజను నడుస్తుండగా, హెడ్‌లైట్లు వేసి, పాట గట్టిగా పెట్టి, మీటరు నల్ల కొస బ్యాటరీ మైనస్ గుండీ మీద, ఎర్ర కొస ఆంప్ ఎర్త్ స్క్రూ మీద పెట్టాలి. 0.1 వోల్టు దాటితే ఆ దారి సరిగా లేదు. అలాగే స్టీరియో బాడీ మీద, ఫైర్‌వాల్ మీద, ఇంజను బ్లాకు మీద వరసగా కొలుస్తూ పోతే అంకె ఎక్కడ ఎగిరితే అక్కడే లోపం.

మందు పాతదే. ఇంజను నుంచి ఫైర్‌వాల్‌కూ, ఇంజను నుంచి ఫ్రేముకూ, ఫ్రేము నుంచి క్యాబ్‌కూ అల్లిక పట్టీలు. పట్టీ కూర్చునే చోట రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాక పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ పూయాలి, లేకపోతే తుప్పు మళ్లీ వస్తుంది. ఆంప్‌కూ స్టీరియోకూ ఒకే చోట ఎర్త్ ఇవ్వడం మేలు. ఆంప్ పెద్దదైతే మైనస్ తీగను ప్లస్ తీగ పక్కనే నేరుగా బ్యాటరీ దాకా లాగేయాలి. సీ-10 యజమానులు ఇక్కడ జాగ్రత్త పడాలి. 72 దాకా వచ్చిన ఆ బండ్లలో పెట్రోలు ట్యాంకు క్యాబ్ లోపలే, సీటు వెనకే ఉంటుంది. ఎర్త్ స్క్రూ కోసం డ్రిల్లు పట్టుకునే ముందు అటువైపు ఏముందో చూసుకోవాలి. సీటు బెల్టు బోల్టు కింద ఎర్త్ ఇరికించడం కూడా వద్దు.

పాత వైరింగ్‌లో ఇంకో వల ఉంది. ఆ కాలపు చాలా రేడియోల్లో డాష్ మధ్యలోని ఒంటి స్పీకరు ఒక కొస బాడీ ఎర్త్‌కే కలిసి ఉండేది. ఇప్పటి సెట్టులో స్పీకరు మైనస్ కూడా కరెంటు ఉన్న కొసే. దాన్ని బాడీకి కలిపితే గోల రావడమే కాదు, సెట్టు లోపలి ఐసీ పోవచ్చు. స్పీకర్లకు కొత్త జంట తీగలు లాగడమే మంచిది. 55 దాకా వచ్చిన ఫోర్డ్ ట్రక్కులైతే ఆరు వోల్టులవి, పైగా వాటిలో ఎర్త్ ప్లస్. మార్చకుండా 12 వోల్టుల సెట్టు తగిలిస్తే గోల కాదు, పొగే.

ఏంటెన్నా దారిన వచ్చే గోలకు మూలం కూడా తరచూ రంగే. ఏంటెన్నా మొదలు ఫెండర్ ఇనుమును అడుగు వైపు కరిచిపట్టుకోవాలి. రంగు మీద కూర్చుంటే కేబుల్ పై అల్లికకు ఎర్త్ ఉండదు, ఇంజను గదిలోని గోలంతా అదే లాగుతుంది. గీకి బిగించాక, పాత ఏఎమ్ సెట్టయితే 1400 కిలోహెర్జ్ దగ్గర బలహీనమైన స్టేషను పెట్టి, ట్రిమ్మర్ స్క్రూను శబ్దం గరిష్ఠమయ్యేదాకా తిప్పాలి. ఏంటెన్నా బలంగా పట్టిన కొద్దీ గోల వెనక్కి పోతుంది.

ఫోర్డ్ బండ్లలో కనిపించే ఒక విచిత్రం కూడా ఉంది. పెట్రోలు, వేడి మీటర్లకు సగటున ఐదు వోల్టులు ఇవ్వడానికి డాష్ వెనక ఒక చిన్న డబ్బీ ఉంటుంది. లోపల రెండు లోహాల రేకు వేడెక్కి వంగి కాంటాక్టును విడదీస్తుంది, చల్లారి కలుపుతుంది. ఆ కలవడం విడిపోవడమే ఏఎమ్‌లో టిక్కు టిక్కుమంటుంది. ఇంజను వేగంతో దానికి పని లేదు, తాళం ఆన్‌లో ఉంటే చాలు. ఇది తెలియక కాయిలూ ప్లగ్గులూ మార్చేవాళ్లున్నారు. ఫోర్డ్ దీనికో చిన్న చోక్ పెట్టింది, అదీ చెత్తలోకి పోయేదే. ఇప్పుడు కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ డబ్బీలు దొరుకుతున్నాయి.

కొత్త దొంగల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కొంపలు ముంచడంలో మాత్రం అవీ తక్కువేమీ కాదు. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే చవక ఫోన్ చార్జర్, ఎల్‌ఈడీ హెడ్‌లైట్, వేగం మార్చుకునే ఎలక్ట్రిక్ ఫ్యాను, కార్బురేటర్ తీసి పెట్టిన ఇంజెక్షన్ కిట్టు. అన్నీ సెకనుకు వేలు, లక్షల సార్లు కరెంటును తెరిచి మూసేవే. ఒక్కోటి పీకి చూడడమే పరీక్ష. చేతిలో పట్టే ట్రాన్సిస్టర్ రేడియోను ఏఎమ్‌లో స్టేషను లేని చోట పెట్టి డాష్ కింద, హెడ్‌లైట్ల వెనక తిప్పితే, దొంగ దగ్గరికి వెళ్లేకొద్దీ అది అరుస్తుంది. ఇంతకన్నా మంచి పరికరం వర్క్‌షాపుల్లోనూ అరుదే.

ఇక ఫిల్టర్ల సంగతి. ప్లస్ తీగలో వరసగా పెట్టే చోక్ నిజంగానే పనిచేస్తుంది, గోల కరెంటు తీగలో వస్తుంటేనే. స్టీరియో లాగే కరెంటును అది మోయగలగాలి, లేకపోతే వేడెక్కుతుంది. తీగ మీద చిటుక్కున బిగించే ఫెర్రైట్ పూసలు మెగాహెర్జ్ గోలకు మంచివి, ఐదు వేల హెర్జ్ ఈలకు వాటితో ఒరిగేదేమీ లేదు. ఆర్‌సీఏ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. ఈల ఇట్టే పోతుంది, చవకదైతే దానితోపాటు కింది స్థాయి బాస్ కూడా పోతుంది. ఎర్త్ సరిచేసే ఓపిక లేనివారికి ఇదో దగ్గరి దారి, నేనైతే చివరి దారి అంటాను. కరెంటు తీగ ఒక పక్కన, ఆర్‌సీఏ మరో పక్కన లాగాలన్న సూత్రం మంచిదే, కానీ దాని మహిమను ఎక్కువ చేసి చెబుతారు. ఎర్త్ తేడా ఉన్న బండిలో తీగలను రెండు గజాలు ఎడం చేసినా ఈల ఈలే. ఆంప్ గెయిన్‌ను మాత్రం చాలామంది అనవసరంగా పెంచి పెడతారు. స్టీరియో నుంచి నాలుగు వోల్టుల సిగ్నల్ వస్తుంటే గెయిన్ తగ్గించుకోవచ్చు, గోల కూడా ఆ మేరకు తగ్గుతుంది.

మన వైపు పాత బండ్లంటే ఎక్కువగా డీజిల్ లారీలే కనుక సగం బాధ లేనట్టే. ప్లగ్గులూ లేవు, రవ్వలూ లేవు. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి పాటల సెట్టు బిగించే ఎలక్ట్రీషియన్‌కు ఎదురయ్యేది ఈల ఒక్కటే. 24 వోల్టుల లారీ అయితే దాన్ని 12కు దించే డబ్బీ కూడా గోల చేస్తుంది. రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచి 12 వోల్టులు తీసుకుంటే ఆ గోల ఉండదు గానీ, ఒక బ్యాటరీ సరిగా చార్జి కాక, ఇంకోటి మితిమీరి చార్జి అయి రెండూ తొందరగా పోతాయి. డబ్బీ మంచిది కొనడమే చవక. పెట్రోలు జీపులున్నవాళ్లకు మాత్రం అమెరికా కథంతా వర్తిస్తుంది.

అన్నీ చేశాక కూడా పాయింట్ల ఇంజనుతో ఏఎమ్ వినేవాళ్లకు కొంత టకటక మిగులుతుంది. నాష్‌విల్ నుంచి 650 కిలోహెర్జ్ మీద వచ్చే డబ్ల్యూఎస్ఎమ్ స్టేషనును రాత్రిపూట కొన్ని వందల మైళ్ల దూరంలో పట్టాలంటే ఆ కాస్తే అడ్డం. దాన్ని కూడా తీసే మార్గం ఉంది. 1950లో వచ్చిన సైనిక జీపు ఎం-38లో డిస్ట్రిబ్యూటర్‌కూ కాయిల్‌కూ కలిపి ఒక లోహపు పెట్టె, ప్లగ్గు తీగలకు లోహపు తొడుగు ఉండేవి. ఆ సామాను సీ-10కు అమర్చాలంటే ఖర్చు బాగా అవుతుంది, ప్లగ్గులు మార్చడం ప్రతిసారీ పెద్ద పనవుతుంది. అంత పట్టింపు ఉన్నవాళ్లు నూటికి ఒకరుంటారేమో, మిగతావాళ్లు ఎఫ్ఎమ్‌కు మారిపోతారు.